ఎడమ చక్రం దగ్గర ముత్తన్న

నిజామాబాద్ పాత ఇనుము దుకాణాల్లో ముత్తన్న పేరెత్తితే మొదట వినిపించేది అతను దొంగ అని. మూతబడిన చక్కెర ఫ్యాక్టరీ షెడ్డులోంచి గేర్లూ ఇరుసులూ మోసుకొచ్చి, పాత మిలిటరీ ట్రక్కులు బాగుచేయించుకునే షావుకార్లకు అమ్ముకున్నాడని చెబుతారు. ఈ మాటకు ఆధారం లేదు. తన చేతిమీదుగా పోయిన ప్రతి భాగమూ ఏ ఊళ్లో, ఎవరి దగ్గర దొరికిందో అతను చెప్పగలడు. చెప్పినవాటిలో తొమ్మిదింటిని విచారించాను. తొమ్మిదీ నిజమే.

రెండో మాట, 2019 జూన్‌లో రెంజల్ మండలంలో ఆ ఘోరం జరిగిన ఉదయం అతను తాగి ఉన్నాడని. ఒక పత్రిక అచ్చువేసింది కూడా. అదే రోజు పన్నెండు గంటలకు పోలీసులు అతన్ని ఆసుపత్రిలో చూపించారు. మద్యం వాసన లేదని డాక్టరు రాసిన కాగితం కేసులో ఉంది. పత్రికవాళ్లు ఆ కాగితం చూడలేదు, తరువాత చూడాలనీ అనుకోలేదు.

మూడోది అన్నిటికంటే బరువైన మాట. భూమన్న అనే కూలీ ట్రక్కు చక్రం కింద నలుగుతుంటే, ఇరుసును గ్యాస్ మంటతో కోసి అతన్ని బయటికి తీయబోయిన ఆత్మారాం చేతిని ముత్తన్న సుత్తితో విరగ్గొట్టాడట. పదకొండేళ్లుగా వెతుకుతున్న ఇరుసు పాడవకూడదని ఒక మనిషి కాలును పోనిచ్చాడట. బోధన్ నుంచి మోర్తాడ్ దాకా ఈ కథ తెలియని మెకానిక్ లేడు.

ఇక అతని మేలు కోరేవాళ్లు చెప్పేది వేరు. సమయానికి అక్కడ ఉండి ఒక ప్రాణం కాపాడాడనీ, తప్పంతా ఆత్మారాందేననీ, ముత్తన్న మీద మచ్చలేదనీ వాళ్లు వాదిస్తారు. అదీ నిజం కాదు.

పోలీసు కాగితాలు, ఆసుపత్రి నమోదులు చదివి, ఆ ఉదయం అక్కడ ఉన్నవాళ్లలో బతికున్న అందరితో మాట్లాడిన మీదట, జరిగింది జరిగినట్టు చెప్పవచ్చునని నమ్ముతున్నాను.

ముత్తన్నది ధర్పల్లి. తండ్రి భోజన్న బోధన్ దగ్గర ఒక ఆసామి చెరుకు ట్రక్కుకు డ్రైవరు. అది సైన్యం వేలంలో అమ్మేసిన డాడ్జ్ బండి. వానపడ్డ నల్లరేగడిలోంచి చెరుకు బయటికి రావాలంటే వెనుక చక్రాల బలం చాలదు, ముందు చక్రాలు కూడా లాగాలి. అందుకే ఆ కాలంలో ఆ బండ్లకు అంత గిరాకీ. ముందు చక్రం ఏ పక్కకు తిరిగినా ఇంజిను బలం అందేటట్టు ఇరుసు కొసన ఉక్కు గోళీలు పొదిగిన ఒక కీలు ఉంటుంది. దాని చుట్టూ గుండ్రటి పోత ఇనుప గుల్ల. ఆ కీలు విరిగితే ముందు చక్రాలు దొర్లుతాయే తప్ప లాగవు.

భోజన్న బండికి ఆ కీలు విరిగింది. అలాంటిది మళ్లీ దొరకలేదు. దొరికేదాకా వెనుక చక్రాలతోనే నడపమని ఆసామి చెప్పాడు. 1983 నవంబరులో, అకాల వానలో, నిండు బరువుతో కాలువ గట్టు ఎక్కుతుండగా వెనుక చక్రాలు బురదలో తిరిగాయి. బండి వెనక్కి జారి, అడ్డంగా తిరిగి, బోల్తా పడింది. ఇరవై ఏళ్ల ముత్తన్న క్లీనరుగా లోడు మీద కూర్చుని ఉన్నాడు. అతను ఎగిరి కాలువలో పడ్డాడు. భోజన్న క్యాబిన్లోనే ఉండిపోయాడు. స్టీరింగు కడ్డీ అతని ఛాతీలో దిగింది, పైన మూడు టన్నుల చెరుకు. చుట్టుపక్కల పొలాల కూలీలు కొడవళ్లతో ఆ గడలు నరికి తీయడానికి గంట పట్టింది. మొదటి అరగంట లోపలినుంచి గొంతు వినిపించింది. తరువాత వినిపించలేదు. తీసినప్పుడు ఆ ముఖం చూసి గుర్తుపట్టలేకపోయారు, నడుముకు కట్టుకున్న తువాలును చూసి కొడుకు గుర్తుపట్టాడు.

ఇది చెప్పడం అతని మీద జాలి పుట్టించడానికి కాదు. బండి కింద మనిషి ఉంటే ఏమవుతుందో జిల్లాలో అతనికంటే బాగా తెలిసినవాడు లేడని చెప్పడానికి. తరువాతి తీర్పుకు ఆ సంగతి అవసరం.

ఆ తరువాత ముత్తన్న షెడ్లలో పని నేర్చుకున్నాడు. నలభై దాటేసరికి పాత నాలుగు చక్రాల బండ్లకు భాగాలు వెతికిపెట్టడమే అతని వృత్తి అయింది. భార్య సుమిత్రమ్మ బీడీలు చుట్టేది. బీడీ కట్టలు వచ్చే అట్టపెట్టెలను కోసి, వాటి మీద గ్రీజూ మసీ కలిపి గేరు పళ్ల అచ్చు తీసుకునేవాడు ముత్తన్న. ఆ అట్టలు సంచిలో పెట్టుకుని నాందేడ్, జాల్నా ఇనుము యార్డుల్లో తిరిగి, కుప్పల్లోంచి తీసిన గేరును అట్ట మీద ఆనించి చూసేవాడు. సరిపోతే చిన్న సుత్తితో కొట్టి వినేవాడు. కనబడని పగులుంటే ఇనుము గంటలా మోగదు, చెక్కలా పలుకుతుంది.

ఆ యార్డులు మెత్తటి చోట్లు కావు. 2010లో నాందేడ్‌లో ఇంజిన్ దింపుతున్న గొలుసు తెగి అతని ఎడమ చేతి రెండు వేళ్లు తీసుకుపోయింది. వేళ్లు కుప్పలో ఎక్కడ పడ్డాయో కూడా వెతకలేదు, చేతికి గుడ్డ చుట్టుకుని బస్సెక్కి నిజామాబాద్ వచ్చాడు. అదే ఏడు మరో యార్డులో ఒక గేర్‌బాక్స్ దగ్గర ఇద్దరు దళారులు కొట్టుకుంటుంటే విడదీయబోయి భుజం మీద కత్తిపోటు తిన్నాడు.

ఈ వ్యాపారంలో రాయని కట్టుబాటు ఒకటుంది. అమ్మకానికి వచ్చిన బండి మీద ముందు వచ్చినవాడు సుద్దతో ఒక గీత గీస్తాడు. గీత ఉన్నంతసేపు ఆ బండి గురించి రెండోవాడు నోరు విప్పకూడదు. బేరం చెడితే మొదటివాడే గీత చెరిపి వెళ్తాడు. ఒకరి పొట్ట మీద ఒకరు కొట్టకుండా ఏర్పడ్డ పద్ధతి అది.

బోధన్‌లో తుక్కు వ్యాపారం చేసే ఆత్మారాం 2014లో ఆ కట్టుబాటు తప్పాడు. జాల్నాలో ముత్తన్న గీత గీసిన బండిని, ఆ గీతను చెప్పుకాలితో తుడిచేసి, కొనేశాడు. ముత్తన్న అడగబోతే ఆత్మారాం మనుషులు ఇద్దరు అతన్ని స్ప్రింగు పట్టీలతో కొట్టారు. మూడు పక్కటెముకలు విరిగాయి. ముత్తన్న ఆ రోజు చేయెత్తలేదు. ఎత్తే అవకాశం దొరకలేదని అతనే అన్నాడు.

అతని తండ్రిని చంపిన డాడ్జ్ తుక్కుకు పోలేదు. ఆసామి మనవడు శివకుమార్, బోధన్‌లో రైసు మిల్లు నడుపుతున్నవాడు, 2008లో దాన్ని పాక కిందనుంచి బయటికి తీయించి, తాత నాటి రూపానికి తెస్తానని ముత్తన్నను పిలిపించాడు. తండ్రి చచ్చిన బండిని ముట్టుకుంటాడో లేదోనని తాను భయపడ్డానని శివకుమార్ నాతో చెప్పాడు. ముత్తన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి ఒక్క మాటే అడిగాడట.

"ముందు చక్రాలు లాగాల్నా, ఉత్తగ సూపుకు నిలబెడ్తవా?"

"లాగాలె అన్నా. పూర్తిగ లాగాలె."

"అట్లయితే చేస్త. లాగని బండి మల్ల రోడ్డెక్కద్దు."

పదకొండేళ్లలో ఇంజిను, గేర్‌బాక్సు, బాడీ అన్నీ కుదిరాయి. ముందు ఇరుసు మాత్రం కుదరలేదు. దొరికినవాటిలో కీళ్లు అరిగిపోయో, గుల్ల పగిలో ఉండేవి. ముత్తన్నకు అప్పటికి యాభై ఆరేళ్లు. ఆ ఇరుసు తప్ప మరో కోరిక అతనికి మిగల్లేదని సుమిత్రమ్మ అంటుంది, మెచ్చుకోలుగా కాదు.

2019 జూన్‌లో రెంజల్ మండలంలో రాములవ్వ అనే వృద్ధురాలి కొట్టంలో అలాంటి బండి ఇరవై ఏళ్లుగా కదలకుండా ఉందని శివకుమార్‌కు తెలిసింది. ఆమె భర్త దాంతో చెరుకు తోలేవాడు, ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. ముత్తన్న మరునాడు ఉదయం తొమ్మిదింటికి మోటారు సైకిల్ మీద వెళ్లాడు. అప్పటికే బానెట్ మీద తెల్లటి సుద్ద గీత ఉంది. ఆత్మారాం ముగ్గురు పనివాళ్లతో బండిని ముక్కలు చేస్తున్నాడు. కుడి ముందు చక్రం తీసేసి ఆ వైపు ఇటుకలు పేర్చారు.

ముత్తన్న వంగి ఇరుసు చూశాడు. గుల్ల మీద పగులు లేదు. గ్రీజు గడ్డకట్టి కీలును తుప్పునుంచి కాపాడింది. పదకొండేళ్లు వెతికింది మూడు గజాల దూరంలో ఉంది. మధ్యాహ్నానికి ఆత్మారాం దాన్ని కోసి తూకానికి వేస్తాడు.

కట్టుబాటు ప్రకారం అతను వెళ్లిపోవాలి, లేదా నోరు మూసుకుని ఉండాలి. అతను పక్కనున్న రాతి తొట్టి మీద రాములవ్వ పక్కన కూర్చున్నాడు. ఆత్మారాం చూసి నవ్వాడు.

"ఏం ముత్తన్నా, చావుకాడికి వచ్చినట్టు కూసున్నవ్. గీత కనబడ్తలేదా?"

"కనబడ్తుంది. నీ లెక్క కాలుతోని తుడ్వను తియ్యి."

పనివాళ్లు నవ్వారు. ఆత్మారాం నవ్వలేదు.

అప్పుడు ఎడమ చక్రం పని మొదలైంది. ఇక్కడ ఒక విషయం వివరించాలి. మామూలు నట్టు ఎడమకు తిప్పితే వదులవుతుంది. ఆ కాలపు మిలిటరీ డాడ్జ్‌కు కుడి చక్రాల నట్లు అలాగే ఉంటాయి గానీ ఎడమ చక్రాలవి తలకిందులు. ఎడమకు తిప్పితే బిగుస్తాయి, కుడికి తిప్పితేనే వదులవుతాయి. చక్రం దొర్లే వేగానికి నట్లు తమంతట తాము ఊడకుండా అలా చేశారు. బోల్టు కొసన దానికి గుర్తుగా ఒక అక్షరం ఉంటుంది. ఇరవై ఏళ్ల తుప్పు కింద అది కనబడదు. బండ్లను కోసి అమ్మేవాడికి ఇది తెలియాల్సిన అవసరం రాదు. బాగుచేసేవాడికి ఇదే మొదటి పాఠం.

బండి ఎడమ వైపును జాకీతో నాలుగు అంగుళాలు లేపారు. కింద నేల కాదు, నున్నటి షాబాద్ బండలు. పనివాళ్లలో ఒకడైన భూమన్న బండల మీద కూర్చుని, కాళ్లు చక్రం కిందికి చాపి, పానా జారకుండా రెండు చేతులతో నట్టుకు అదిమి పట్టుకున్నాడు. తుప్పు వదలడానికి డబ్బాలోంచి నూనె పోశారు. ఆత్మారాం పానాకు ఆరడుగుల పైపు తొడిగి ఎడమకు నొక్కాడు. కదల్లేదు. పైపు మీదెక్కి తొక్కాడు. తుపాకీ పేలినట్టు శబ్దమై బోల్టు తెగింది. పైపు ఎగిరి ఆత్మారాం మోకాటి కింద తగిలి, చర్మం చీలి ఎముక తెల్లగా కనబడింది. అతను బూతులు తిడుతూ, రక్తం కారుతున్న కాలితోనే రెండో నట్టుకు పానా పెట్టమన్నాడు.

రాములవ్వ ఊరుకోలేక చెప్పింది. "అయ్యా, గా దిక్కు మా ఆయన ఉల్టా తిప్పేటోడు. నేను సూసిన."

"నువ్వు బియ్యం ఏరుకో పో అవ్వా," అన్నాడు ఆత్మారాం.

ఆమె ముత్తన్న వైపు తిరిగింది. "నీకెర్కే గదా బిడ్డా. జర సెప్పరాదు."

ఈ చోట సాక్ష్యాలు కలుస్తాయి. ఆమె అడిగినట్టు ఆమె చెప్పింది, ముత్తన్నా ఒప్పుకున్నాడు. అతను ఆమె ముఖం చూడకుండా ఇచ్చిన జవాబు కూడా ఇద్దరూ ఒకేలా చెప్పారు.

"గీత వాళ్లది అవ్వా. వాళ్ల పని వాళ్లు చేస్కోనీ."

రెండో బోల్టు తెగింది. ఆత్మారాం సమ్మెట తెప్పించి పైపు మీద బాదడం మొదలుపెట్టాడు. ప్రతి దెబ్బకూ బండి ఊగింది. జాకీ కాలు నున్నటి బండ మీద కొద్దికొద్దిగా జరుగుతోంది. ముత్తన్న అది కూడా చూశాడా అని అడిగాను. జాకీని చూడలేదనీ, నట్లను మాత్రమే చూస్తున్నాననీ అన్నాడు. దీన్ని నమ్ముతున్నాను. తనకు నష్టం చేసే మాటలు అంత స్పష్టంగా చెప్పినవాడు ఈ ఒక్కటి దాచడానికి కారణం కనబడదు.

ఆరో దెబ్బకో ఏడో దెబ్బకో జాకీ పక్కకు ఎగిరింది. బండి ఎడమ వైపు మొత్తం కూలింది. చివికిన టైరు చీలి, ఉక్కు చక్రం అంచు భూమన్న కుడి కాలి మీద, మోకాటికి జానెడు కింద దిగింది. ఎముక విరిగిన శబ్దం కొట్టం బయట వరకూ వినిపించింది. అతను ఒక్కసారి అరిచి, ఊపిరి అందక నోరు తెరిచి ఉండిపోయాడు. నూనె డబ్బా నలిగి అందులోది అతని నడుము నుంచి కాళ్ల దాకా చిమ్మింది. జాకీ మర వంగిపోయింది. రెండో జాకీ లేదు. ఉన్నది నలుగురు మగవాళ్లూ, ఒక ముసలామె. అంత బరువు చేతులతో లేవదు.

ఆత్మారాం పారిపోలేదు. చాలామంది పారిపోయేవారు, అతను పోలేదు, అది అతని పద్దులో రాయాలి. ఇరుసు చివర కోసేస్తే చక్రం విడిపోతుందని అతనికి తోచింది. గ్యాస్ కట్టర్ వెలిగించి పరిగెత్తుకు వచ్చాడు.

ముత్తన్న అప్పటికే చక్రం దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. వాసన తగిలింది. "పెట్రోలు. ఆగు," అన్నాడు. "డీజిలది, జరుగు పక్కకు," అన్నాడు ఆత్మారాం. అతను అబద్ధమాడలేదు. రోజూ ఆ డబ్బాలో ఉండేది డీజిలే. ఆ ఉదయం డీజిలు లేక ఒక పనివాడు తన మోటారు సైకిల్లోంచి పెట్రోలు తీసి నింపాడు, యజమానికి చెప్పలేదు. ఆ పనివాడు పోలీసుల ముందు ఇది ఒప్పుకున్నాడు. భూమన్న ఒంటి మీద పెట్రోలు తడికి లేచిన బొబ్బలున్నాయని ఆసుపత్రి కాగితం కూడా చెబుతోంది.

మంట నాలుగడుగుల దూరానికి వచ్చింది. ముత్తన్న సంచిలోంచి చిన్న సుత్తి తీసి ఆత్మారాం కుడి మణికట్టు మీద బలంగా కొట్టాడు. కట్టర్ కొట్టం బయట మట్టిలో పడింది. ముత్తన్న వెళ్లి సిలిండరు వాల్వు తిప్పి మంట ఆర్పాడు. దూరంగా రోడ్డు మీద ఉన్నవాళ్లు చూసింది ఇంతే. కోయడానికి వచ్చిన మనిషినీ, అతన్ని కొట్టిన మనిషినీ చూశారు. వాసన వాళ్లదాకా పోలేదు.

తరువాత ముత్తన్న ఇరుసు కింద రాళ్లు పేర్పించాడు, చక్రం విడిపోతే బండి ఇంకా కిందికి దిగకుండా. పానా పెట్టి కుడికి తిప్పాడు. ఒక నట్టు వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది రాలేదు. ఆత్మారాం పైపుతో ఎడమకు తొక్కి తొక్కి దాని మూలలన్నీ అరగదీశాడు. పానా పట్టు దొరకడం లేదు. భూమన్న పెదవులు నల్లబడుతున్నాయి. రక్తం బండ మీద పారి తొట్టి కిందికి చేరింది.

దారి ఒకటే మిగిలింది. ఇరుసు కొసన ఉన్న గుల్లను పగలగొడితే చక్రం దానితో పాటు ఊడివస్తుంది. ముత్తన్న బండి కిందికి దూరి, పక్కకు పడుకుని, సమ్మెట అందుకున్నాడు. ప్రతి దెబ్బా చక్రం గుండా విరిగిన ఎముకలోకి దిగుతుందని ఇద్దరికీ తెలుసు.

"భూమన్నా, పానం పోయినట్టయితది. ఓర్సుకో."

"కొట్టన్నా. నేను ఒర్లినా ఆపకు."

భూమన్న గొంతు చించుకుని ఒర్లాడు. ముత్తన్న ఆపలేదు. ఐదో దెబ్బకు గుల్ల చీలింది. తొమ్మిదో దెబ్బకు కీలు విడిపోయి, ఉక్కు గోళీలు రక్తంలో పడ్డాయి. చక్రం పక్కకు ఒరిగింది. పనివాళ్లు భూమన్నను చంకల కింద పట్టి లాగారు. మోకాటి కింద పాదం వేరే దిక్కుకు తిరిగి, చర్మంతో మాత్రమే వేలాడుతోంది. రాములవ్వ చీర కొంగు చించి తొడకు కట్టింది. ఆటో ట్రాలీలో అతన్ని ఎక్కించారు.

ఇంతవరకే అయితే నేను ఇది రాయను.

ట్రాలీ కదిలాక ఆత్మారాం, వాచిన మణికట్టును పట్టుకుని, ముత్తన్న ఎదుటికి వచ్చాడు. నొప్పితో, భయంతో, నష్టంతో ఒళ్లు తెలియని స్థితిలో ఉన్నాడు. తన చేయి విరగ్గొట్టాడనీ, తన ఇనుము పగలగొట్టాడనీ అన్నాడు. ముత్తన్న వంగి, కింద పడేసిన తన చిన్న సుత్తిని తీసుకున్నాడు. అప్పుడు ఆత్మారాం ఇలా అన్నాడు.

"మీ బాపు గూడ బండి కిందనే సచ్చిండు గదరా. మీ ఖాందాన్‌కు గిది అలవాటే."

ముత్తన్న సుత్తి ఎత్తి అదే చేతి మోచేతి మీద కొట్టాడు. ఎముక మూడు ముక్కలైంది. ఆత్మారాం పడిపోయాడు. ముత్తన్న మళ్లీ చేయెత్తాడు. రాములవ్వ పడిపోయినవాడి మీద వంగి అడ్డం నిలిచింది. అతను సుత్తి పారేసి, పోలీసులు వచ్చేదాకా తొట్టి మీద కూర్చున్నాడు. ఆత్మారాం మోచేయి ఈనాటికీ చాపుకోదు. అన్నం ఎడమ చేత్తో తింటాడు.

భూమన్న కాలును మోకాటి పైదాకా తీసేశారు. బెయిలు మీద వచ్చిన మరునాడే ముత్తన్న ఆసుపత్రికి వెళ్లాడు. వద్దని వకీలు చెప్పాడు, సుమిత్రమ్మ చెప్పింది. భూమన్న అతన్ని చూసి చేతులు జోడించాడు. తన ప్రాణం నిలిపినవాడని పక్క మంచాల వాళ్లకు చూపించాడు. ముత్తన్న నిలబడే చెప్పాడు.

"గా నట్లు ఉల్టా అని నాకు తెలుసు భూమన్నా."

"ఎప్పటిసంది?"

"ఫస్టు నట్టు కాంచి."

భూమన్న మోచేతుల మీద కొంచెం లేచాడు. "మరి సెప్పకపోతివి?"

"బోల్టులు తెగుతుంటే ఆత్మారాం ఇసిగి గీత తుడ్సి పోతడు, ఇరుసు నాకు పడ్తదనుకున్న."

భూమన్న పక్కనున్న స్టీలు చెంబు తీసి అతని ముఖం మీద బలమంతా పెట్టి కొట్టాడు. కనుబొమ చీలింది. మళ్లీ కొట్టాడు. ముత్తన్న ముఖం తిప్పుకోలేదు. నర్సులు వచ్చి విడదీసేదాకా నాలుగు దెబ్బలు పడ్డాయి. ఆ రోజునుంచి భూమన్న అందరితోనూ చెబుతున్నది ఒకటే. ఇనుము కోసం నా కాలు పోయింది, అంటాడు. మాట నిజం. విన్నవాళ్లు దాన్ని గ్యాస్ మంట ఘడియకు తగిలించారు. మూడో అపవాదు అలా పుట్టింది.

కోర్టులో వకీలు నట్ల సంగతి ఎత్తవద్దన్నాడు. దాన్ని ఎవరూ అడగలేదు, తెలిసి ఊరుకోవడం చట్టం దృష్టిలో నేరమూ కాదు. ముత్తన్న చెప్పాడు. ఆత్మారాం మణికట్టు మీద కొట్టిన మొదటి దెబ్బకు కోర్టు అతన్ని తప్పుపట్టలేదు. రెండో దెబ్బకు ఆరు నెలలు జైలు వేసింది. అప్పీలు చేయనన్నాడు, శిక్ష పూర్తిగా అనుభవించాడు. జైల్లో ఆత్మారాం తాలూకు మనిషి ఒకడు అతన్ని గోడకు బాది పళ్లు రాలగొట్టాడు. దాని మీదా ఫిర్యాదు ఇవ్వలేదు.

అతను ఇప్పటికీ భాగాలు వెతుకుతున్నాడు. శివకుమార్ బండి ముందు ఇరుసు లేకుండానే షెడ్డులో ఉంది. నెలకోసారి రెంజల్ వెళ్లి భూమన్న ఇంటి ముందు నిలబడతాడు. భూమన్న కొన్నిసార్లు తలుపు తీస్తాడు, కొన్నిసార్లు తీయడు. తీసిన రోజుల్లో తిడతాడు. ఒకరోజు నేను అక్కడ ఉండగా, తిట్టడం అయిపోయాక, కొయ్యకాలు పట్టీ తెగిందని చెప్పాడు. ముత్తన్న అక్కడే కూర్చుని కుట్టి ఇచ్చి లేచాడు.

సుద్ద గీత ఉన్నప్పుడు నోరు విప్పకూడదన్న కట్టుబాటును అతని తరఫున కొందరు ముందుకు తెస్తారు. ఆ కట్టుబాటు బేరానికి సంబంధించినది. ఎదుటివాడు ప్రమాదంలో ఉన్నప్పుడు హెచ్చరించవద్దని అది ఏనాడూ చెప్పలేదు, దాన్ని పాటించే వాళ్లెవరూ అలా అర్థం చేసుకోలేదు. ముత్తన్న కూడా నా ముందు ఆ సాకు చెప్పలేదు.

కాబట్టి తేలింది ఇది. ముత్తన్న దొంగ కాదు, ఆ రోజు తాగలేదు. గ్యాస్ మంటను ఆపింది మనిషిని కాపాడటానికే. తాను పదకొండేళ్లు వెతికిన భాగాన్ని ఆ మనిషి కోసమే తన చేత్తో పగలగొట్టాడు. ఆత్మారాం మోచేతి మీద కొట్టిన దెబ్బ కోపంతో కొట్టినది, దానికి సమర్థన లేదు. అన్నిటికీ ముందు, పదిమాటల్లో ఆపగలిగిన పనిని ఇరుసు మీద ఆశతో ఆపలేదు. భూమన్న కాలు పోవడానికి ఆత్మారాం తెలియనితనం ఎంత కారణమో, ముత్తన్న తెలిసి ఊరుకోవడం అంతకంటే ఎక్కువ కారణం.